సెలవు దాటిన సిపాయి, పారిపోయిన సిపాయి: యూనిట్ పాటించవలసిన పద్ధతి

సెలవు మీద ఇంటికి వెళ్లిన జవాను చెప్పిన తేదీకి తిరిగి రాకపోతే, సాయంత్రం రోల్‌కాల్‌లో అతని పేరు పిలిచినప్పుడు జవాబు రాకపోతే, కంపెనీ హవల్దార్ మేజర్ రిజిస్టరులో రాయగలిగింది గైర్హాజరు అన్న ఒక్క మాటే. అదే రాత్రి లంగరు (జవాన్ల వంటశాల) దగ్గర పళ్లేలు కడుక్కునే వేళకు ఆ మాట 'భగోడా'గా, అంటే పారిపోయినవాడుగా, మారిపోతుంది. మిగిలిన కాగితాలన్నీ ఆ రెండో మాటకు తగ్గట్టుగానే తయారవుతుంటాయి. బెటాలియన్ ఆఫీసులో గుమాస్తాగా చేరి హెడ్ క్లర్కుగా దిగిపోయి హనుమకొండలో స్థిరపడిన నేను, ఇలాంటి కాగితాలను ఎన్నో నా చేతులతో టైపు చేశాను, వాటిలో కొన్నింటిని తప్పుగా కూడా చేశాను. కరీంనగర్, వరంగల్, ములుగు, భూపాలపల్లి ప్రాంతాల నుంచి సైన్యంలో చేరి ఇప్పుడు ఎన్‌సీఓలుగా (నాయక్, హవల్దారు స్థాయి), జేసీఓలుగా (సుబేదారు స్థాయి), ఆఫీసు క్లర్కులుగా ఉన్నవారికి ఉపయోగపడుతుందన్న ఉద్దేశంతో, పారిపోయాడన్న నింద పడిన సిపాయి విషయంలో యూనిట్ మొదటి రోజు నుంచి చివరి ఉత్తర్వు వరకు ఎలా నడుచుకోవాలో ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా చట్టం ఏమంటుందో స్పష్టంగా తెలిసి ఉండాలి. 1950 నాటి ఆర్మీ యాక్టులో 38వ సెక్షన్ పారిపోవడం గురించి, 39వ సెక్షన్ అనుమతి లేని గైర్హాజరు గురించి చెబుతాయి. సెలవు ముగిసినా తగిన కారణం లేకుండా ఉండిపోవడం 39లోకే వస్తుంది, దానికి గరిష్ఠ శిక్ష 3 సంవత్సరాల జైలు. 38 కింద నేరం రుజువైతే మామూలు పరిస్థితుల్లో 7 సంవత్సరాల వరకు జైలు. యాక్టివ్ సర్వీసులో, అంటే శత్రువును ఎదుర్కొనే విధుల్లో, ఉండగా గానీ, యాక్టివ్ సర్వీసుకు వెళ్లమని ఉత్తర్వు అందిన తరువాత గానీ పారిపోతే మరణశిక్ష దాకా వెళ్లవచ్చు. ఇంత తేడా ఉన్నా, 'పారిపోవడం' అంటే ఏమిటో చట్టం ఎక్కడా నిర్వచించలేదు. 1986లో సుప్రీంకోర్టు ఈ చిక్కును విడదీస్తూ, పారిపోయిన ప్రతివాడూ గైర్హాజరైనవాడే గానీ గైర్హాజరైన ప్రతివాడూ పారిపోయినవాడు కాడని, రెండింటినీ వేరు చేసేది అతని మనసులోని ఉద్దేశమేనని చెప్పింది. తిరిగి రాకూడదనో, ముఖ్యమైన ఒక డ్యూటీని తప్పించుకోవాలనో అనుకున్నాడా, లేదా అన్నదే ప్రశ్న. గైర్హాజరును హాజరు పట్టీ రుజువు చేస్తుంది. ఉద్దేశాన్ని రుజువు చేయడానికి మాత్రం యూనిట్ కష్టపడాలి, ఆ కష్టం మొదటి రోజునే మొదలు కావాలి.

మొదటి వారం రోజుల్లో చేయవలసిన పని ఫోన్ చేయడం. వినడానికి చాలా చిన్న మాట, కానీ నేను చూసిన తగాదాల్లో సగం ఇక్కడే పుట్టాయి. జవాను నంబరుకు, భార్య నంబరుకు, తండ్రి నంబరుకు, అదే ఊరి నుంచి లేదా పక్క ఊరి నుంచి వచ్చిన మరో జవాను ఉంటే అతని ద్వారా కూడా ప్రయత్నించాలి. ప్రయత్నించిన ప్రతిసారీ తేదీ, వేళ, నంబరు, ఎవరు మాట్లాడారు, ఏమన్నారు అన్నది వాళ్ల మాటల్లోనే ఒక రిజిస్టరులో రాసి, రాసినవాడు సంతకం పెట్టాలి. "ఇంటివాళ్లు సరైన సమాధానం చెప్పలేదు" అని రాయడం ఏమీ రాయకపోవడంతో సమానం. "అవ్వకు పక్షవాతం వచ్చింది, దవాఖానల ఉన్నడు, వారం దినాల్ల వస్తడు అని తండ్రి చెప్పాడు" అని రాస్తే అది సాక్ష్యం. ఆ సాక్ష్యం జవానుకు అనుకూలంగా ఉండవచ్చు, వ్యతిరేకంగానూ ఉండవచ్చు.

కొన్నేళ్ల కిందట పరకాల వైపు ఒక ఊరి నుంచి ఒక పెద్దమనిషి మా ఇంటికి వచ్చాడు. చేతిలో బట్టల దుకాణం వాళ్లిచ్చే ప్లాస్టిక్ సంచి, అందులో మడతలు పడ్డ స్కానింగ్ కాగితాలు ఉన్నాయి. "సార్, పొద్దుగాల ఇద్దరు పోలీసోళ్లు వచ్చి మా పోరని ఫోటువ చూపెట్టి ఈడనే ఉన్నడా అని అడిగిన్రు. ఊరంత చూసింది. మా పోరడు ఏం దొంగతనం చేసిండు సార్?" అన్నాడు. నేను ఆయనను కూర్చోబెట్టి, "అన్నా, పిలగాడు యాడున్నడు?" అని అడిగితే, "దవాఖానలనే, వాళ్లవ్వ మంచం కాడ" అన్నాడు. విషయం విప్పి చూస్తే, సెలవు ముగియడానికి రెండు రోజుల ముందే ఆ జవాను తన ప్లటూన్ హవల్దారుకు ఫోన్ చేసి సంగతి చెప్పాడు. హవల్దారు "సాబ్‌కు చెబుతాను, నువ్వు చూసుకో" అన్నాడు, మరునాడే కోర్సు మీద వెళ్లిపోయాడు. ఆ ఫోను సంగతి ఏ రిజిస్టరులోనూ లేదు. నాలుగో రోజుకే యూనిట్ నుంచి జిల్లా పోలీసులకు కాగితం వచ్చేసింది. హవల్దారుకు ఫోను చేస్తే సెలవు పొడిగించినట్టేనని కుర్రవాడు అనుకున్నాడు, అది అతని తప్పు; విన్న మాటను ఆఫీసులో చేర్పించకపోవడం యూనిట్ తప్పు. ఇంటి నుంచి వచ్చిన ప్రతి సెలవు పొడిగింపు మనవిని, వాట్సాప్‌లో వచ్చినా సరే, కంపెనీ ఆఫీసు లిఖితపూర్వకంగా నమోదు చేసి, మంజూరు చేశామనో లేదనో అదే దారిలో జవాబు పంపితే, ఆ తరువాత "నాకు తెలియదు" అనే అవకాశం ఇద్దరికీ ఉండదు.

రెగ్యులర్ జవానుకు సంవత్సరానికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ సెలవు ఉంటాయి. 2022 నుంచి వచ్చిన అగ్నివీరులకు మాత్రం ఏడాదికి ఉన్నవి 30 రోజులే, వారికీ ఇదే ఆర్మీ యాక్టు వర్తిస్తుంది. చెల్లి పెళ్లి, నాటు పని, రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతర అన్నీ ఆ 30 రోజుల్లోనే ఇరికించుకునే పిల్లవాడు రెండు రోజులు ఆలస్యంగా వచ్చాడంటే, అతడిని ముందుగా ఈ లెక్కతో చూడాలన్నది నా అభిప్రాయం.

ఫోన్ల వల్ల ఫలితం లేదని తేలితే, లేదా పారిపోయాడని నమ్మడానికి తగిన ఆధారం ఉంటే, 105వ సెక్షన్ ప్రకారం కమాండింగ్ ఆఫీసర్ సివిల్ అధికారులకు లిఖితపూర్వకంగా సమాచారం ఇవ్వాలి. దీనినే మనం అప్రిహెన్షన్ రోల్ అంటాం. ఇది అందిన తరువాత పోలీసులు మేజిస్ట్రేట్ వారెంటు ఉన్నట్టుగానే అతడిని పట్టుకొని సైన్యానికి అప్పగించాలి. వారెంటు లేకుండా తమంతట తామే పట్టుకుంటే ఆలస్యం చేయకుండా దగ్గరి మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. అప్రిహెన్షన్ రోల్‌లో పేరు, నంబరు, ఒడ్డు పొడుగు, పుట్టుమచ్చలతో పాటు గ్రామం, మండలం, జిల్లా ఇప్పటివి ఉండాలి. 2016లో తెలంగాణ జిల్లాలను విభజించిన తరువాత కూడా చేరినప్పటి రికార్డులో ఉన్న పాత జిల్లా పేరుతోనే కాగితాలు వరంగల్‌కు వచ్చి, అక్కడి నుంచి ములుగుకో భూపాలపల్లికో తిరిగి చేరేసరికి రోజులు గడిచిపోయిన సందర్భాలు ఉన్నాయి. ఇంటివాళ్లకు కూడా అదే రోజు స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపాలి, అందులో అతడు ఎక్కడ లొంగిపోవచ్చో, ఏ కాగితాలు తెచ్చుకోవాలో తెలుగులోనో హిందీలోనో అర్థమయ్యేలా రాయాలి. పారిపోయినవాడని తెలిసి ఆశ్రయమివ్వడం సాధారణ నేర చట్టంలోనూ నేరమే, అయితే భార్య గానీ భర్త గానీ ఇచ్చిన ఆశ్రయానికి అక్కడ మినహాయింపు ఉంది. ఈ సంగతి తెలిస్తే చాలా ఇళ్లలో మేనమామలు, బావలు పిల్లవాడిని దాచిపెట్టడం మానేసి రైలెక్కిస్తారు.

గైర్హాజరు 30 రోజులు నిండితే 106వ సెక్షన్ కింద వీలైనంత త్వరగా కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ (నిజానిజాలు సేకరించే విచారణ బృందం) కూర్చోవాలి. ఇక్కడ లెక్క తప్పకూడదు. సెలవు జూన్ 14తో ముగిసిందనుకుంటే గైర్హాజరు జూన్ 15న మొదలవుతుంది, 30 రోజులు జూలై 14తో నిండుతాయి, కాబట్టి జూలై 15కు ముందు కోర్టు కూర్చుంటే ఆ ప్రకటనకు విలువ ఉండదు. కోర్టు ప్రమాణం చేయించి సాక్షులను విచారించి, అనుమతి గానీ తగిన కారణం గానీ లేకుండా గైర్హాజరయ్యాడని నమ్మకం కలిగితే ఆ గైర్హాజరును, ఎప్పటి నుంచి అన్నదాన్ని, అతని వద్ద ఉన్న ప్రభుత్వ సామానులో లోటు ఉంటే దాన్ని ప్రకటిస్తుంది. కమాండింగ్ ఆఫీసర్ దానిని కోర్ట్‌మార్షల్ బుక్‌లో నమోదు చేస్తాడు. ఆ తరువాత అతడు లొంగిపోకపోతే, పట్టుబడకపోతే, అప్పుడు మాత్రమే చట్టం అతడిని పారిపోయినవాడిగా భావిస్తుంది. 'భావిస్తుంది' అన్న మాట మీద దృష్టి పెట్టాలి. అతడు 40వ రోజున తనంతట తాను గేటు దగ్గరికి వచ్చి నిలబడితే ఆ భావన అతని ఉద్దేశానికి రుజువు కాదు.

సామాను లెక్క తీసుకోవడాన్ని చాలామంది కిట్ పోయిందా ఉందా అన్న వరకే చూస్తారు. నా దృష్టిలో ఉద్దేశాన్ని చెప్పేది ఆ నల్లటి రేకు పెట్టెనే. ఒకసారి మా కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ ముందు తాళం పగలగొట్టి ఒక పెట్టె తెరిచాం. పైన ఇస్త్రీ చేసి మడత పెట్టిన యూనిఫాం, దాని కింద పాలిష్ డబ్బా, కొత్తగా కొన్న రెండు జతల సాక్సులు, మూలన ఒక ప్లాస్టిక్ కవరులో పదో తరగతి మెమో, కుల ధ్రువీకరణ పత్రం, బ్యాంకు పాసుబుక్కు ఉన్నాయి. ఇంకెక్కడో ఉద్యోగం వెతుక్కుందామని పోయినవాడు మెమోను పెట్టెలో వదిలి పోడు. అలాగే సెలవుకు వారం ముందు సర్టిఫికెట్లన్నీ ఇంటికి పంపేసి, మంచం కింద బూట్లు తప్ప ఏమీ మిగల్చని పెట్టెను కూడా చూశాను. రెండు సందర్భాల్లోనూ ఉన్నది ఉన్నట్టుగా, ఏ వస్తువు ఎక్కడ దొరికిందన్నది జాబితాలో రాయాలి. "కిట్ సరిపోయింది" అన్న ఒక్క వాక్యంతో సరిపెడితే, రెండేళ్ల తరువాత విచారణ జరిగే రోజున ఆ పెట్టె నోరు విప్పలేదు.

జవాను తిరిగి వచ్చినప్పుడు, లేదా అతడిని పట్టి తెచ్చినప్పుడు, మొదట రాయవలసింది సర్టిఫికెట్. లొంగిపోయాడా, పట్టుబడ్డాడా, ఏ తేదీన, ఎక్కడ అన్నదానితో పాటు అప్పుడు అతడు ఏ దుస్తుల్లో ఉన్నాడన్నది కూడా అందులో ఉండాలి. పోలీసులకు దొరికితే స్టేషన్ అధికారి ఇచ్చే సర్టిఫికెట్‌లోనూ అంతే. లుంగీ మీద పొలంలో దొరికాడా, యూనిఫాం వేసుకొని వచ్చాడా అన్నది చట్టం పట్టించుకుందంటే, అది కూడా ఉద్దేశం వైపు చూపే వేలే. లొంగిపోవడానికి సొంత యూనిట్ దాకానే పోవాలని లేదు. మన ప్రాంతం వాళ్లు కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ చేరుకుంటే అక్కడే సైనిక అధికారుల ముందు లొంగిపోవచ్చు. తనంతట తాను రావడానికి, పట్టి తేవడానికి మధ్య తేడా శిక్ష దగ్గర చాలా పనిచేస్తుంది.

క్వార్టర్ గార్డులో, అంటే యూనిట్ కాపలా గదిలో, ఉంచిన తరువాత గడియారం కమాండింగ్ ఆఫీసర్ మీద నడుస్తుంది. కస్టడీ సంగతి తనకు తెలిసిన 48 గంటల్లో అభియోగాన్ని విచారించాలి, వీలు కాకపోతే కారణంతో పై అధికారికి తెలపాలి. 8 రోజులు దాటినా కోర్ట్‌మార్షల్‌కు ఉత్తర్వు కాకపోతే ఆలస్యానికి కారణాలు చెబుతూ ప్రత్యేక నివేదిక పంపాలి, ఆ తరువాత ప్రతి 8 రోజులకు మరొకటి పంపుతూ ఉండాలి. అనవసరంగా నిర్బంధంలో ఉంచడం 50వ సెక్షన్ కింద నేరం. ఇక 'నాలుగు తగిలిస్తే బుద్ధి వస్తుంది' అనుకునే హవల్దార్ సాబ్‌లకు ఒక మాట: కింది స్థాయివాడిని కొట్టడం 47వ సెక్షన్ కింద నేరం, దానికి గరిష్ఠ శిక్ష 7 సంవత్సరాలు. మామూలు పరిస్థితుల్లో పారిపోయినవాడికి పడగలిగేది కూడా అంతే.

వచ్చిన రోజే వైద్య పరీక్ష చేయించాలి, అది కేవలం గాయాలు లేవని రాయించుకోవడానికి కాదు. నిద్ర లేకపోవడం, తాగుడు, చచ్చిపోతానన్న మాటలు, ఇంటి దగ్గర ఎవరితోనూ మాట్లాడకుండా గదిలో కూర్చోవడం వంటివి కుటుంబం చెబితే మానసిక వైద్యుడికి చూపించాలి. మతిస్థిమితం లేక తన వాదన చెప్పుకోలేని స్థితిలో ఉన్నవాడి గురించి 145వ సెక్షన్ వేరే దారి చెబుతుంది, ఆ దారిని విచారణ మధ్యలో కాక ముందుగానే చూసుకోవడం మంచిది. పైవాడి వేధింపు వల్లనే పోయానని అతడు చెబితే, అది నిజమో సాకో తేల్చడం ఆ క్షణంలో ఎవరి పనీ కాదు. 26వ సెక్షన్ కింద ఫిర్యాదుగా విడిగా రాయించుకొని, ఎవరి మీద ఫిర్యాదో ఆ వ్యక్తికి ఈ కేసులో సాక్ష్యం నమోదు చేసే పని అప్పగించకుండా చూడాలి.

ఆ తరువాత ఆర్మీ రూల్స్ 22 ప్రకారం అభియోగ విచారణ. జవాను ఎదుటే సాక్షులు మాట్లాడాలి, వారిని ప్రశ్నించే పూర్తి స్వేచ్ఛ, తన సాక్షులను పిలిపించుకునే స్వేచ్ఛ అతనికి ఉండాలి. ఆచరణలో ఇది ఐదు నిమిషాల 'మార్చ్ ఇన్, మార్చ్ అవుట్'గా ముగుస్తుంది, తరువాత ట్రిబ్యునళ్లలో కేసులు పడిపోయేదీ ఎక్కువగా ఇక్కడే. సమరీ ఆఫ్ ఎవిడెన్స్, అంటే సాక్షుల వాంగ్మూలాల రికార్డు, రాసేటప్పుడు అడగవలసిన ప్రశ్నలు ఇవీ: సెలవు ముగిసే తేదీ అతనికి తెలుసా, పొడిగింపు అడిగాడా, ఎవరిని అడిగాడు, జీతం ఆగిపోయాక ఏం తిని బతికాడు, వేరే పేరుతో గానీ వేరే చోట గానీ పనిలో చేరాడా, యూనిట్ సరిహద్దుకు కదులుతున్నదన్న సమాచారం అతనికి ఎప్పుడు అందింది. గైర్హాజరు ఎన్ని రోజులన్నది ఒక్కటే ఉద్దేశాన్ని తేల్చదు. పొలంలో పత్తి ఏరుతూ 200 రోజులు ఇంట్లోనే ఉన్నవాడు, బెంగళూరులో సెక్యూరిటీ గార్డుగా 60 రోజులు చేసినవాడు ఒకటి కారు. ఈ జవాబులు చూసిన తరువాతే 38 మోపాలా, 39 మోపాలా అన్నది నిర్ణయించాలి. ముందు జాగ్రత్తగా పెద్ద సెక్షనే వేద్దామనుకునేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: పారిపోయాడన్న అభియోగం మీద విచారించినా, ఆ ఉద్దేశం రుజువు కాకపోతే గైర్హాజరు కింద దోషిగా తేల్చడానికి 139వ సెక్షన్ వీలిస్తుంది. అది కోర్టుకిచ్చిన వెసులుబాటు, సాక్ష్యం లేకుండా అభియోగం రాయడానికి మనకిచ్చిన అనుమతి కాదు. గైర్హాజరు మాత్రమే అని తేలితే కమాండింగ్ ఆఫీసర్ 80వ సెక్షన్ కింద తానే 28 రోజుల వరకు శిక్ష వేసి ముగించవచ్చు.

కోర్ట్‌మార్షలే అవసరమైతే, జవాన్ల విషయంలో చాలా యూనిట్లు సమరీ కోర్ట్‌మార్షల్ వైపు, అంటే కమాండింగ్ ఆఫీసర్ ఒక్కడే కోర్టుగా కూర్చునే విచారణ వైపు, వెళతాయి. ఆఫీసర్లను, జేసీఓలను అందులో విచారించడానికి వీల్లేదు. అది మినహాయింపు మాత్రమేనని, వెంటనే చర్య తీసుకోవలసిన అవసరం ఉన్నదని కారణాలు కనిపించాలని 2016లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. జవాను అటాచ్ అయి ఉన్న యూనిట్ కమాండింగ్ ఆఫీసర్ కూడా ఆ విచారణ జరపవచ్చునని అదే తీర్పులో ఉంది. అభియోగ పత్రం అందిన తరువాత విచారణకు కనీసం 96 గంటలు, యాక్టివ్ సర్వీసులో అయితే 24 గంటలు గడువు ఉండాలి. తనకు సహాయంగా వకీలునో మరొకరినో కూర్చోబెట్టుకోవచ్చునని అతనికి తెలుగు వచ్చినవాడి చేత చెప్పించాలి. ఆ సహాయకుడు సలహా ఇవ్వవచ్చు, ప్రశ్నలు సూచించవచ్చు గానీ కోర్టును ఉద్దేశించి తాను మాట్లాడకూడదు.

నేరం ఒప్పుకోవడం దగ్గర అన్నిటికంటే జాగ్రత్త కావాలి. "ఒప్పుకుంటే సాబ్ తక్కువ వేస్తడు" అన్న లైన్ల (జవాన్ల బ్యారక్‌ల) సలహా విని కుర్రవాళ్లు తల ఊపేస్తారు. ఒప్పుకుంటే దేనికి ఒప్పుకున్నట్టో, విచారణ పద్ధతి ఎలా మారుతుందో వివరించి, వివరించినట్టు రాయాలి; జవాను సంతకం కూడా తీసుకోవడం మేలు. ఒప్పుకున్న తరువాత ఇచ్చే వాంగ్మూలంలో "అవ్వ బాగైనంక వద్దామనుకున్న సాబ్" అన్నాడంటే, అతడు ఒప్పుకున్నది పారిపోవడం కాదు. 116వ రూలు ప్రకారం కోర్టు ఆ రికార్డును మార్చి, నేరం ఒప్పుకోలేదని రాసి, సాక్షులను పిలవాలి. ఆ ఒక్క వాక్యాన్ని టైపు చేసి కూడా పేజీ తిప్పేసిన రోజు నాకొకటి ఉంది.

సమరీ కోర్ట్‌మార్షల్‌లో విచారణ జరిపే లెఫ్టినెంట్ కల్నల్ లేదా అంతకు పై హోదా అధికారి ఒక సంవత్సరం వరకు, అంతకు తక్కువ హోదా అధికారి 3 నెలల వరకు మాత్రమే జైలు విధించగలడు. రికార్డు ఆలస్యం లేకుండా పై కమాండుకు వెళ్లాలి, అక్కడ కేసు మంచిచెడ్డలను బట్టి రద్దు చేయవచ్చు, తగ్గించవచ్చు. 164వ సెక్షన్ కింద పిటిషన్ పెట్టుకోవచ్చునని, డిస్మిస్ చేసినా 3 నెలలకు మించి జైలు వేసినా ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చునని, తెలంగాణ వాళ్లకు అది చెన్నై బెంచి అని జవానుకు లిఖితపూర్వకంగా ఇచ్చి, ప్రొసీడింగ్స్ నకలు ఎలా అడగాలో కూడా చెప్పాలి. ఇది యూనిట్‌ను ఇరుకున పెట్టే పని అనుకునేవారు ఉన్నారు. పద్ధతి ప్రకారం చేసిన కేసుకు ట్రిబ్యునల్ అంటే భయం ఉండనక్కరలేదు.

పారిపోవడానికి మామూలు 3 సంవత్సరాల కాలపరిమితి లేదు, ఎన్నేళ్లకు దొరికినా విచారించవచ్చు. అయితే యాక్టివ్ సర్వీసులో కాక మామూలుగా పారిపోయిన జవాను ఆ తరువాత కనీసం 3 సంవత్సరాలు ఎడతెగకుండా ఆదర్శప్రాయంగా పనిచేసి ఉంటే, ఆ పాత నేరానికి విచారణ మొదలుపెట్టకూడదని 122వ సెక్షన్ చెబుతుంది. పాత ఫైలు కొత్త అడ్జుటెంట్ (యూనిట్ పరిపాలన చూసే అధికారి) చేతికి వచ్చినప్పుడు ముందుగా చూడవలసిన లెక్క ఇది.

పరకాల వైపు పిల్లవాడి సంగతి: తల్లిని చెల్లెలికి అప్పజెప్పి, అడ్మిషన్ చీటీ, డిశ్చార్జి కాగితం, ఫోను కాల్ జాబితా ఒక ఫైలులో పెట్టుకొని 19వ రోజున తన యూనిట్‌కు చేరాడు. 39 కింద విచారించి 14 రోజులు లైన్లలో నిర్బంధం వేశారు, రాని రోజుల జీతం కోశారు. అప్రిహెన్షన్ రోల్ రద్దయినట్టు పోలీసులకు ఉత్తరం పంపడం మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. మూడు నెలల తరువాత కానిస్టేబుల్ మళ్లీ అదే ఫోటోతో ఆ ఇంటి వాకిట్లో నిలబడినప్పుడు, తండ్రి నాకు ఫోన్ చేస్తే, ఆ యూనిట్ హెడ్ క్లర్కుతో మాట్లాడి ఆ ఒక్క ఉత్తరం పంపించాము.